సరిహద్దు నేల – పటాల వెనుక చిరునామాలు

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘం వారు నాకు రెండు పనులు అప్పగించారు. రాష్ట్రాల ఏర్పాటు చరిత్రలో మన ప్రాంతం ఎక్కడ నిలిచిందో పిల్లలకు తెలిసేటట్లు చెప్పడం ఒకటి. ఇండ్లలోని పాత ఛాయాచిత్రాలను ఆన్‌లైనులో దాచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పడం రెండవది. ఈ రెండింటికీ పొత్తు ఏమిటని మీలో కొందరికి తోచవచ్చు. ఈ సంచిక కొరకు మీరు పంపిన పాత పటాలను బోర్లించి చూస్తే ఆ పొత్తు కనబడుతుంది. వాటి వెనుక స్టూడియోల రబ్బరు ముద్రలు ఉన్నాయి. అదే వీధి, అదే ఊరు. ముద్రలో జిల్లా పేరు మాత్రం ఒక్కో పటానికి ఒక్కో తీరుగా ఉంది. ఒకచోట సేలం, మరొకచోట ధర్మపురి, ఇంకొకచోట కృష్ణగిరి. కదలకుండా ఒకే చోట ఉన్న ఊరికి ఇన్ని చిరునామాలు ఎట్లా వచ్చాయో చెబితే మొదటి పని పూర్తయినట్లే.

మన ఊరి పేరు విని కొత్తవారు కావేరి నది ఎక్కడ అని అడుగుతారు. మనకున్నది దక్షిణ పినాకిని. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. చోళుల నాటి రేవుపట్టణమైన కావేరిపూంపట్టణం వేరు, అది సముద్రతీరాన ఉంది. మనది బారామహల్ సీమలోని కోట ఊరు. 1767లో మొదటి మైసూరు యుద్ధం వచ్చినప్పుడు ఆంగ్లేయ సైన్యం ఈ కోటను పట్టుకొన్నది. ఆ ఏడే హైదరలీ మళ్ళీ తీసుకొన్నాడు. 1792లో శ్రీరంగపట్టణం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహల్‌ను కుంఫిణీ వారికి వదులుకొన్నాడు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన క్రింద థామస్ మన్రో ఇక్కడ పన్నులు నిర్ణయించారు. వారి కాగితాలను తరువాతి కాలంలో బారామహల్ రికార్డులనే పేర మద్రాసు ప్రభుత్వం సంపుటాలుగా అచ్చువేసింది. మన నేలను గురించి అంత వివరంగా రాసిపెట్టిన ప్రభుత్వం మరొకటి లేదంటే తప్పు కాదు. అయితే వారు రాసింది పన్ను కొరకు. చెరువు ఎంత, మడి ఎంత, శిస్తు ఎంత అన్న ప్రశ్నలు వారివి. మనిషి ముఖం ఎట్లా ఉండేదో వారికి అవసరం లేదు.

ఇక రాష్ట్రాల సంగతికి వస్తాను. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 దినాల దీక్ష పిమ్మట డిసెంబరు 15వ తేదీ రాత్రి కన్నుమూశారు. నాలుగు దినాలు గడవకముందే, డిసెంబరు 19న, ప్రధాని నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ఆ రాష్ట్రం అవతరించింది. 11 జిల్లాలు, వాటికి తోడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి. ఆ లెక్కలో చిత్తూరు ఉంది. చిత్తూరు జిల్లా దక్షిణపు కొసన కుప్పం ఉంది. కుప్పం పొలిమేర దాటగానే మొదలయ్యే నాటి సేలం జిల్లా లేదు. మన కృష్ణగిరి, హోసూరు తాలూకాలు అప్పుడు ఆ సేలం జిల్లాలోవి.

మన పాఠశాల ఆంధ్ర రాష్ట్రం కంటే వయసులో పెద్దది. ఈ బడి తలుపులు తెరచిన నాటికి తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు అందరూ ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు పిల్లలే. తెలుగులో చదువు చెప్పడం అప్పుడు ఒక పెద్ద రాష్ట్రంలోని పెద్ద భాషలో చదువు చెప్పడం. మూడేండ్లు తిరగకముందే అదే బడి, అదే పంతులు, అదే వాచకం ‘అల్పసంఖ్యాక భాష’ అనే వర్గంలోకి వెళ్ళిపోయాయి. పక్క ఊరి పెండ్లి మేళం మనకు వినబడింది. పిలుపు మాత్రం రాలేదు. ఆ రోజుల్లో మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తుల రాజగోపాలాచారి గారు. వారు పుట్టింది హోసూరు దగ్గరి తొరపల్లిలో, అంటే మన సీమలోనే. చరిత్ర ఇటువంటి చమత్కారాలు చేస్తుంటుంది.

ఇందులో ఎవరి మీదా నేను నేరం మోపడం లేదు. హోసూరు, కుప్పం, కోలారు కలిసే చోట తెలుగు, కన్నడం, తమిళం ఒకే సంతలో బేరమాడతాయి. అక్కడ ఏ గీత గీసినా దానికి ఆవల ఎవరో ఒకరు మిగులుతారు. 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన సంఘం ఏర్పడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా కొత్త రాష్ట్రాలు వచ్చాయి. ఆ మీదట కూడా ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల మధ్య వాదం మిగిలింది. హరి వినాయక పాటస్కర్ గారు గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొని, ఆనుకొని ఉండటం, భాషా ఆధిక్యం చూసి పరిష్కారం చెప్పారు. దాని మీద పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న అది అమలయింది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బదులుగా చెంగల్పట్టు, సేలం జిల్లాల నుండి కొన్ని భాగాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. సేలం పేరు గమనించండి. గీత మన వాకిటి దాకా వచ్చి, కొన్ని ఊళ్ళను అటు చేర్చుకొని, అక్కడ ఆగింది.

దూరాన ఉన్న ఒక ప్రాంతం రాష్ట్రమైతే దానికి కలిగే లాభమేమిటి? శాసనసభ, సచివాలయం, మంత్రులు అని పిల్లలు పరీక్షలో రాస్తారు. అది నిజమే. దేశపు ఈశాన్యపు మూలన ‘నేఫా’ అనే పేర ఎవరికీ అంతగా తెలియకుండా ఉండిన కొండసీమ 1972 జనవరి 20న అరుణాచల్ ప్రదేశ్ పేరుతో కేంద్రపాలిత ప్రాంతమయింది. 1987 ఫిబ్రవరి 20న రాష్ట్రమయింది. అంతకు ముందే, 1963 డిసెంబరు 1న, నాగాలాండ్ రాష్ట్రమయింది. మన భాషలో చూస్తే 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఇట్లా ఏర్పడిన ప్రతిచోటా పాలనతో పాటు మరొకటి కూడా వస్తుంది. ఆ ప్రాంతం పేర ఒక చరిత్ర పాఠం, ఒక ప్రదర్శనశాల, పాత కాగితాలు దాచే ఒక కార్యాలయం, అవతరణ దినాన పత్రికలలో పాత ఫోటోలు. అంటే ఆ నేల జ్ఞాపకాన్ని కాపాడటం ఒకరి ఉద్యోగమవుతుంది. జీతమిచ్చి చేయించే పని అవుతుంది.

మనకు ఆ భాగ్యం లేదు. చెన్నైలో రాసే చరిత్రకు ఒక తెలుగు బడి అవసరం తక్కువ. అటు తెలుగు రాష్ట్రాలలో రాసే చరిత్రకు సేలం జిల్లా అవసరం తక్కువ. రెండు పుస్తకాలకూ మనం అంచున ఉన్నాం. అచ్చులో అంచులు కత్తిరించబడతాయి. కనుక మన సీమలోని తెలుగువారు ఏ బట్టలు కట్టారో, ఏ పండుగకు ఎక్కడ గుమికూడారో, ఏ అరుగు మీద కూర్చుని అక్షరాలు దిద్దారో తెలుసుకోవాలంటే మీ ఇండ్లలోని ఇనుప పెట్టెలే దిక్కు. ఇది అతిశయోక్తి అనుకొనేవారు మన బడి తొలి సంవత్సరాల గురించి ఏ గ్రంథాలయంలోనైనా వెదకి చూడవచ్చు.

పటాల వెనుక చిరునామాకు మళ్ళీ వద్దాం. పాత పటం ఏనాటిదో చెప్పడానికి ఆ చిరునామా మంచి సాక్షి. 1965 అక్టోబరు 2న సేలం నుండి ధర్మపురి జిల్లా వేరయింది. 1969 జనవరి 14న మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు మారింది. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ వారు ఆరంకెల పిన్‌కోడు ప్రవేశపెట్టారు. మద్రాసు నగరం 1996లో చెన్నై అయింది. 2004 ఫిబ్రవరి 9న తమిళనాడులో 30వ జిల్లాగా కృష్ణగిరి ఏర్పడింది. స్టూడియో రశీదు ఏదైనా పటంతో పాటు మిగిలి ఉంటే డబ్బు లెక్క చూడండి. 1957 ఏప్రిల్ 1 నుండి నయా పైసలు వచ్చాయి, అంతకు ముందంతా అణాల లెక్క. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రబ్బరు ముద్ర అరిగిపోయే దాకా వాడే పొదుపరులు మన స్టూడియోల వారు. సేలం జిల్లా అని ఉన్నంత మాత్రాన ఆ పటం 1965కు ముందుదని తీర్పు చెప్పలేం. పిన్‌కోడు ఉంటే మాత్రం అది 1972కు ముందుది కాజాలదు. అదే విధంగా పటంలో కృష్ణగిరి ఆనకట్ట నిండుగా కనబడితే అది 1950ల చివరి కాలానికి ముందుది కాదు. ముందరి హద్దు గట్టిది, వెనుకటి హద్దు ఊహ. చరిత్ర ఉపాధ్యాయులు ఒక తరగతి గంట ఈ పనికి కేటాయిస్తే పిల్లలు పాఠ్యపుస్తకం కంటే ఇష్టంగా నేర్చుకొంటారని నా నమ్మకం.

ముద్ర క్రిందనో పక్కనో చేతిరాత కూడా ఉంటుంది. ‘చిన్నాయన కొడుకు అక్షరాభ్యాసము’, ‘అక్కయ్య సీమంతము’ వంటి మాటలు, సిరా కలముతో, గుండ్రని తెలుగులో. మనల్ని నిజంగా తొందరపెట్టవలసిన విషయం ఇదే. ఈ రాత చదవగలవారు ప్రతి ఇంటిలోనూ తగ్గిపోతున్నారు. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటవ తరగతితో ఆరంభమై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి జరిగి 2015–16 నాటికి పదవ తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు మినహాయింపు విషయమై న్యాయస్థానాలలో వాదాలు నడిచాయి. తమిళం నేర్వడం మన పిల్లలకు మేలే. ఈ నేల మీద బ్రతికేవారికి అది అన్నం పెట్టే భాష. నా విచారమంతా అవ్వ రాసిన రెండు మాటలను మనుమరాలు బొమ్మ వలె చూసి పక్కన పెట్టడం గురించి. ఇంగ్లీషు బడికి పంపిన తల్లిదండ్రులకు ఈ విషయంలో ఏ చట్టాన్నీ తప్పుపట్టే అవకాశం లేదని కూడా చెప్పక తప్పదు.

రెండవ పనికి వస్తున్నాను. కృష్ణగిరి జిల్లా ఏర్పడిన మరునాడు, 2004 ఫిబ్రవరి 10న, అమెరికా ఖండంలో ఫ్లికర్ అనే సంస్థ తన సేవ ప్రారంభించింది. ఎవరైనా తమ ఫోటోలను దానికి అప్పగించి లోకంలో ఎక్కడి నుండైనా చూసుకోవచ్చు. అదే సంవత్సరం ఆర్కుట్ వచ్చింది. మన పూర్వ విద్యార్థులు బెంగళూరులో, దుబాయిలో, అమెరికాలో ఉండి పెండ్లి ఫోటోలు అందులో పెట్టుకొన్నారు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతబడింది. యాహూ వారి ఫోటోల సేవ అంతకు ముందే 2007లో ముగిసింది. మైస్పేస్ అనే సంస్థ తన వద్ద ఉన్న పాత ఫోటోలు, పాటలు యంత్రాల మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకొన్నది. ఫ్లికర్ చేతులు మారింది. ఉచిత ఖాతాకు వెయ్యి ఫోటోల పరిమితి వచ్చింది. గూగుల్ ఫోటోస్ 2015 మేలో మొదలయినప్పుడు కాస్త కుదించిన పరిమాణంలో ఎన్ని ఫోటోలైనా ఉచితమన్నారు. 2021 జూన్ 1 నుండి ఆ ఉచితం ఆగింది. ఉత్తరాలతో సహా అంతా 15 జీబీలో సర్దుకోవలసి వచ్చింది. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగించవచ్చునన్న నియమం 2023 డిసెంబరు నుండి అమలుకు వచ్చింది. చనిపోయిన తండ్రి ఖాతాను రెండేండ్లు ఎవరూ తెరవలేదనుకోండి. అందులోని చిత్రాల గతి ఏమిటో ఆలోచించండి.

దీనిని క్లౌడ్ అంటారు. మాటకు మేఘమని అర్థం గాని, వాస్తవానికి అవి పెద్ద పెద్ద షెడ్లలో రాత్రింబగళ్ళు కరెంటు తిని నడిచే యంత్రాలు. ఆ షెడ్డు ఒకరిది, యంత్రం ఒకరిది, నియమం వారిది. నియమం మారితే మనకు ఒక ఉత్తరం వస్తుంది. దానిని చాలామంది చదవరు. 1953లో, 1956లో, 1960లో గీతలు గీసినవారు మనల్ని అడిగి గీయలేదు. ఇక్కడా అంతే.

అట్లాగని ఆన్‌లైను వద్దని నేను చెప్పబోవడం లేదు. ఇంటి పెట్టె కంటే అది ఎన్నో విధాల మేలు. చెద పట్టదు, వెండిపురుగు తినదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క దినంలో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి రాత్రి ఇంట్లోకి నీళ్ళు వస్తే బియ్యం, పిల్లల పుస్తకాలు అటక ఎక్కించాక ఆల్బం గుర్తుకు వస్తుంది. అప్పటికే నీళ్ళు దానిని చేరి ఉంటాయి. మరొక చోట ఒక ప్రతి ఉండటం అందుకే అవసరం. నేను కోరేది, అది ఉన్న ప్రతులలో ఒకటి కావాలని మాత్రమే. ఒకటి ఆన్‌లైనులో, ఒకటి ఇంట్లోని హార్డు డిస్కులో, మరొకటి వేరే ఊళ్ళో ఉన్న బిడ్డ దగ్గరనో తమ్ముడి దగ్గరనో. అసలు పటాన్ని మాత్రం ఎవ్వరూ పారవేయవద్దు. స్కాను అయిపోయింది గదా అని కాగితాన్ని చెత్తబుట్టలో వేసినవారు కొందరు నాకు తెలుసు. అది విగ్రహానికి ఫోటో తీసుకొని విగ్రహాన్ని ఏట్లో వేయడం వంటిది.

స్కాను చేసేటప్పుడు వెనుక వైపు కూడా చేయండి. ఇంతసేపూ ముద్ర గురించి, చేతిరాత గురించి నేను చెప్పినదంతా ఆ వెనుక వైపే ఉంది. దుకాణం వారికి చెప్పకపోతే వారు ముందు వైపు మాత్రమే తీస్తారు. మామూలు పటానికి అంగుళానికి 300 చుక్కలు చాలు. చిన్న పాసుపోర్టు పటానికి 600 పెట్టించండి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయిన పటాన్ని బలవంతంగా పెరకవద్దు, పేజీతో సహా స్కాను చేయించండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చిత్రం కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపితే యథాతథంగా వెళుతుంది. మరొకటి. ఆన్‌లైను ఆల్బంకు స్కాను చేసిన దినమే ఫోటో తీసిన దినంగా కనబడుతుంది. 1958 నాటి గురువుగారు నిన్నటి పుట్టినరోజు కేకు పక్కన వచ్చి కూర్చుంటారు. తేదీని చేతితో దిద్దాలి. సరియైన తేదీ తెలియకపోతే సుమారు సంవత్సరం వేసి, సుమారు అని రాయాలి.

ముఖాలను పోల్చి ఒకచోట చేర్చే విద్య ఈ యంత్రాలకు వచ్చు. బాల్యంలోని ముఖాన్ని, యౌవనంలోని ముఖాన్ని ఒకరిదేనని పట్టుకొన్న సందర్భాలు చూసి నేను ఆశ్చర్యపోయాను. అయినా ఆ యంత్రానికి మేనత్త ఎవరో, పెద్దమ్మ ఎవరో తెలియదు. పటం అంచున సగం తెగిన చేయి బడి గంట కొట్టే ఆయనదని తెలియదు. అది చెప్పగలవారు ఈ సభలో ముందు వరుసలో కూర్చొని ఉన్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకొని, ఎడమ నుండి కుడికి, ముందు వరుస, వెనుక వరుస అని పేర్లు రాయించుకోండి. తెలుగులో రాయండి, దాని క్రింద తమిళంలోనో ఇంగ్లీషులోనో కూడా రాయండి. ఏ లిపి చదివే మనుమడు పుడతాడో మనకు తెలియదు. పేరు తెలియని చోట ఖాళీ వదలండి. ఊహించి రాసిన పేరు ఖాళీ కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

అందరికీ చూపదగినది, ఇంటివారు మాత్రమే చూడదగినది అన్న తేడా కూడా పాటించాలి. బడి భవనం, ఆటల పోటీలు, పాత వీధి, ఏటి గట్టు వంటి చిత్రాలను వికీమీడియా కామన్స్ వంటి చోట తీసినవారి అనుమతితో ఉంచితే లోకమంతా చూడవచ్చు, వాడుకోవచ్చు. కుటుంబ చిత్రాలు, ముఖ్యంగా ఇప్పటి పిల్లల చిత్రాలు, అక్కడికి పోరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం సంగతి అటుంచినా, ఒక ఆడపిల్ల తన చిన్ననాటి ఫోటో ఎవరెవరి ఫోనులో ఉందో తెలుసుకొనే హక్కు గలది. ఖాతా తాళపుమాట ఇంట్లో మరొక్కరికైనా తెలియనివ్వండి. కొంతకాలం తాను వాడకపోతే ఖాతా ఎవరికి చేరాలో ముందే రాసిపెట్టే ఏర్పాటు గూగుల్‌లో ఉంది. భూమి పత్రాలు ఎక్కడున్నాయో పెద్ద కొడుకుకు చెప్పినట్లే ఇదీ చెప్పండి.

సంఘం వారు నన్ను ప్రకటించమన్న సంగతితో ముగిస్తాను. ఉత్సవాలు జరిగే ఈ మూడు దినాలూ కార్యాలయం గది పక్కన ఒక బల్ల మీద స్కానరు ఉంటుంది. ఇద్దరు పూర్వ విద్యార్థులు దానిని నడుపుతారు. మీ పటం మీ ఎదుటనే స్కాను చేసి అక్కడికక్కడే తిరిగి ఇస్తారు. ప్రతులు బడి డిస్కులో ఒకటి, మీ ఫోనుకు ఒకటి చేరుతాయి. మీరు వద్దన్న చిత్రం బడి దగ్గర ఉండదు. పటంతో పాటు అందులోని వారిని గుర్తుపట్టగల పెద్దవారిని వెంటబెట్టుకొని రావలసిందిగా ప్రార్థన. మెట్లు ఎక్కలేనివారి కొరకు బల్లను క్రింది గదిలోనే వేయించాం. కుర్చీలు, మజ్జిగ ఏర్పాటు చేశాం. తొమ్మిదింటికి మొదలవుతుంది.